పెద్దక్క సెలవు పెట్టిన వారం

జూన్ 4

పిన్నికి,

క్షేమంగా చేరాను. గది బాగుంది. తలుపుకి లోపల గడియ, బయట తాళం రెండూ ఉన్నాయి; నువ్వు చెప్పినట్టు రెండూ లాగి చూశాకే పెట్టె విప్పాను. ఈ కాలంలో ఉత్తరాలేమిటని ఇంటావిడ నవ్వింది. మా పిన్నికి ఫోన్ మీద నమ్మకం లేదు, నోటిమాట రేపు కాదంటే ఎవరు సాక్ష్యం అంటుంది అని చెప్పాను. ఆవిడ నవ్వడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

జంతువుల ఆస్పత్రి కూడా బాగుంది. టైర్ల కొట్టు పక్కన మూడు గదులు. ముందు గదిలో బల్లలు, నడిమి గదిలో స్టీలు టేబుల్, వెనక గదిలో బోన్లు, మందుల అలమర. శిక్షణ రెండు పనులకీ కలిపి. పొద్దున సహాయకురాలిని: బోన్లు కడగడం, పిల్లిని తువ్వాలులో తల మాత్రం బయటికి వచ్చేలా చుట్టడం, కుక్కని ఎత్తుకుని తూకం మీద నిలబడి నా బరువు తీసేయడం. చిగుళ్ళ రంగు చూడటం, ఊపిరి లెక్కపెట్టడం కూడా నేర్పుతున్నారు. మధ్యాహ్నం స్క్రైబ్‌ని: డాక్టర్ గారి పక్కన కూర్చుని ఆయన చెప్పింది కేసు షీటులో రాయాలి. ఆరు నెలలు రోజూ నా శిక్షణ పుస్తకంలో ఒక పేజీ నింపి, చివర్లో ఆయన చేత సంతకాలు పెట్టించుకుంటే సర్టిఫికెట్. సంతకాలు లేకపోతే ఏమీ లేదు.

ఇక్కడ సీనియర్ సహాయకురాలు ఒకావిడ ఉంది, అందరూ పెద్దక్క అంటారు. మొదటి రోజే ఆవిడ ఒక నియమం చెప్పింది. డాక్టర్ గారి నోట వచ్చిందే రాయాలట, నేను చూసింది రాయకూడదట. తేడా అనిపిస్తే ఆయన్నే ఎదురుగా అడగాలి, ఆయన మార్చి చెబితే మార్చి రాయాలి. డాక్టర్ గారు తక్కువ మాట్లాడతారు. నేనేమైనా అడిగితే "నా మొహం చూసి మాట్లాడు" అంటారు. కొంచెం భయమే.

ఒక్క విషయం మాత్రం వింతగా ఉంది. ఆయన గుండె పరీక్ష చేసేటప్పుడు పెద్దక్క కూడా రెండో పక్క నుంచి స్టెతస్కోప్ పెడుతుంది. అప్పుడు ఆవిడ వేళ్ళు టేబుల్ మీద కదులుతుంటాయి. అలవాటేమో.

తిండి బాగుంది.

నీ చిన్ని


జూన్ 12

చిన్నికి పిన్ని ఆశీస్సులు.

గది బాగుంది, ఆస్పత్రి బాగుంది, తిండి బాగుంది. ఒక్క ఉత్తరంలో మూడు బాగుందులు రాశావంటే ఏదో బాగాలేదనే నా అనుమానం. సరే, అడగను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు మనుషుల ఆస్పత్రిలో మందుల స్టోరు చూశాను. స్టోరులో కూర్చున్నవాళ్ళకి డాక్టర్లకంటే ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి అడుగుతున్నాను, ఒక్కొక్కదానికీ జవాబు రాయి. ఆ అలమర తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మత్తు మందు ఎవరు తీస్తారు? సీసాలో మిగిలింది ఏమవుతుంది? ఒక గుండెకి ఇద్దరు స్టెతస్కోప్ పెట్టడమేమిటి? పరీక్ష డాక్టరు పని కదా. ఇక వేళ్ళ మాట. నోరుండగా వేళ్ళతో మాట్లాడుకునేవాళ్ళు నీకు తెలియకూడనిదేదో మాట్లాడుకుంటున్నారు. అది అలవాటు కాదు.

బట్టల కొట్టు సంగతి మర్చిపోకు. అరలో ఏదో కనపడలేదని నలుగురి ముందు నీ సంచి బోర్లించారు. ఆ తర్వాత అది వాళ్ళ గోదాములోనే దొరికింది. అయినా ఉద్యోగం పోయింది నీదే. ఎక్కడ ఏం పోయినా కొత్తగా వచ్చినవాళ్ళ మీదికే వస్తుంది. ఈసారి నిన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదు. రెండో నోటుపుస్తకం ఒకటి పెట్టు. ఆయన చెప్పింది ఆస్పత్రి షీటులో రాయి, నువ్వు చూసింది నీ పుస్తకంలో రాయి. కళ్ళల్లో ఒత్తులేసుకుని చూడు.

నా మోకాలు ఎలా ఉందని నువ్వు అడగలేదు. అలాగే ఉంది.

పిన్ని


జూలై 1

పిన్నికి,

ముందు మోకాలు ఎలా ఉందో రాయి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. తాళం పెద్దక్క నడుముకి ఉంటుంది. మత్తు మందు ఆవిడే తీస్తుంది. ఇక మిగిలిన మందు సంగతి. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

రెండో పుస్తకం పెట్టాను. వేళ్ళు ఊరికే కదలడం లేదు పిన్నీ. అరచెయ్యి చాచి ఉంచితే డాక్టర్ గారు "గుండె మామూలు" అంటారు. చూపుడు వేలితో రెండు సార్లు కొడితే "గుండెలో అదనపు శబ్దం ఉంది, మత్తు సగమే ఇవ్వండి" అంటారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ముందు వేలు, తర్వాత మాట. మిగిలిన సగం సీసా పట్టుకుని ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఉత్త చేతులతో బయటికి వస్తుంది.

నిన్న వచ్చిన కుక్క గెంతులేసి నా చెప్పు పట్టుకుపోయింది. దానికి గుండె జబ్బట, సగం మందట. నేను నమ్మలేదు. ఏ జంతువుకి జబ్బు అంటగట్టాలో ముందే అనుకుని, మిగిలిన మందు నొక్కేస్తున్నారని నాకు తోస్తోంది. పదకొండు కేసులు రాసి పెట్టాను, తేదీలతో సహా. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గుగానూ ఉంది. ఎందుకంటే పెద్దక్క నాకు తన టిఫిన్ డబ్బాలోంచి సగం పెడుతుంది. పిల్లి రక్కితే చెయ్యి కడిగి కట్టు కట్టింది.

ఎవరికీ చెప్పకు.

చిన్ని


జూలై 9

చిన్నికి,

నీకు సగం డబ్బా ఎందుకు పెడుతోందో ఇప్పుడు అర్థమైందా? మా స్టోరులో సీసాలు మాయం చేసినవాడు కూడా నాకు రోజూ టీ తెచ్చేవాడు.

తేదీలన్నీ శుభ్రంగా ఎత్తిరాసి వెంటనే పంపు. నా దగ్గర భద్రంగా ఉంటాయి. నువ్వు నోరు విప్పకు, మొహంలో ఏమీ కనపడనివ్వకు. మిగతాది నేను ఆలోచిస్తాను. ఆలోచించడమే, ఇంకేమీ కాదు.

మోకాలికి కొత్త నూనె ఇచ్చారు. సీసా మీద చీటీ లేదు. పక్కన పెట్టేశాను.

పిన్ని


ఆగస్టు 5

పిన్నీ,

ఆలోచించడమే అన్నావు, నమ్మి తేదీలు పంపాను. ఏం చేశావో నాకు తెలిసింది.

మత్తు మందు పోతోందని ఫిర్యాదు అందిందంటూ నిన్న పొద్దున ఇద్దరు అధికారులు వచ్చారు. బల్లల మీద జనం ఉండగానే అలమర తెరిపించి సీసాలన్నీ లెక్కపెట్టారు. ఒక్కటీ తగ్గలేదు. వెనక గదిలో గోడకి ఒక రిజిస్టరు వేలాడుతోంది. తెరిచిన ప్రతి సీసాలో ఎంత వాడారు, ఎంత పారబోశారు, ఏ రోజు, ఏ జంతువు, అన్నీ ఉన్నాయి. పక్కన డాక్టర్ గారి సంతకం, పెద్దక్క సంతకం. నా పదకొండు కేసులూ ఉన్నాయి. బోన్లు కడగడానికి రోజూ ఆ గదిలోకి వెళ్ళేదాన్ని, గోడ వైపు ఒక్కసారి తల తిప్పి చూడలేదు.

వాళ్ళు పెద్దక్క సంచి బోర్లించారు. అందరి ముందు. అందులోంచి టిఫిన్ డబ్బా, కళ్ళజోడు, మోకాలికి కట్టుకునే పట్టీ పడ్డాయి. బట్టల కొట్టులో నా సంచి బోర్లించినవాడికీ మనకీ తేడా ఏమిటో చెప్పు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ నన్ను పక్కకి పిలిచి "నువ్వు రాశావా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. నేను రాయలేదని ఒట్టు వేశాను. నిజంగానే నేను రాయలేదు కదా. ఆవిడ నమ్మింది. కానీ ఆ ఫిర్యాదు ఉత్తరం అధికారి చేతిలో నేను చూశాను. మాట మాటకీ కింద రెండు గీతలు గీసే అలవాటు నాకు తెలిసినంతలో ఒక్కరికే ఉంది.

ఈ రోజు నుంచి ఆవిడ పది రోజులు సెలవు పెట్టింది. ఒంట్లో బాగాలేదని కాగితంలో ఉంది. వెళ్తూ డాక్టర్ గారితో ఏదో గట్టిగా చెప్పింది. ఆయన తల ఊపారు.

రెండో పుస్తకం చింపేశాను. ఇక నేను ఎవర్నీ అనుమానించను. డాక్టర్ గారు చెప్పింది రాస్తాను, చేతులు కట్టుకుని కూర్చుంటాను. నువ్వూ ఇక నాకు ఏమీ నేర్పకు.

చిన్ని


ఆగస్టు 12

చిన్నికి పిన్ని ఆశీస్సులు, తీసుకుంటానంటే.

అవును, నేనే రాశాను. సంచి సంగతి చదివాక నీ ఉత్తరం మడిచి పెట్టేశాను, మళ్ళీ తీసే ధైర్యం రాలేదు. ఆవిడ అడ్రసు పంపితే క్షమించమని రాస్తాను.

అయినా నా బుద్ధి నన్ను ఊరుకోనివ్వడం లేదు. కోప్పడకుండా చదువు. మందు సరిపోయింది, ఒప్పుకున్నాను. మరి ఆ వేళ్ళ సంగతేమిటి? వేలు ముందు, మాట తర్వాత అని రాసింది నువ్వే. దొంగతనం లేకపోతే దానికి ఇంకేదో కారణం ఉండాలి. పరీక్ష ఆవిడ చేస్తోందా, ఆయన చేస్తున్నాడా? ఆవిడ లేని ఈ పది రోజులూ గుండె ఎవరు వింటున్నారు?

నువ్వేమీ చెయ్యకు. తేడా అనిపిస్తే ఎదురుగా అడగమన్నారు కదా, ఆ ఒక్కటీ అడుగు.

పిన్ని


ఆగస్టు 14

పిన్నీ,

నిన్న రాత్రి ఒక ఉత్తరం రాసి చింపేశాను. ఇది రెండోది. నీ దగ్గర్నుంచి జవాబు ఇంకా రాలేదు, వచ్చినా రాకపోయినా ఇది నీకే చెప్పాలి.

మొన్న ఒక పెద్దాయన పిల్లిని తెచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి మానేశాడట. పిల్లిని దొరసాని అంటాడు. పుచ్చిపోయిన పన్ను తీయించాలి, అంతే. తువ్వాలులో నేనే చుట్టాను. చిగుళ్ళు పాలిపోయి కొంచెం నీలంగా ఉన్నాయి. ఊపిరి లెక్కపెడితే ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టి వెంటనే తీసేశారు. "గుండె మామూలు. మత్తు పూర్తిగా" అన్నారు. నేను తల ఎత్తాను. అడగాల్సింది. మళ్ళీ అనుమానమా, నీకు బుద్ధి రాదా అని నన్ను నేనే తిట్టుకుని తల దించి రాశాను. గుండె మామూలు.

పన్ను ముట్టుకోకముందే పిల్లి చనిపోయింది.

పెద్దాయన ముందు గదిలో ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టర్ గారు వెళ్ళి చెప్పారు. ఆయన అర్థం కానట్టు నా వైపు చూశాడు.

సాయంత్రం పెద్దక్క ఇంటికి వెళ్ళాను. మొత్తం చెప్పింది. డాక్టర్ గారికి నాలుగేళ్ళుగా గుండె చప్పుడు వినపడదట. మనుషుల మాటలు పెదవులు చూసి అందుకుంటారట. అందుకే నా మొహం చూసి మాట్లాడు అనేవారు, నన్ను బెదిరించడానికి కాదు. చెవికి మిషను పెట్టుకుంటే చెవిటి డాక్టరని ఎవరూ రారని భయమట. ఆవిడ విని, విన్నది వేళ్ళతో చెప్పేది. చెయ్యి చాస్తే మామూలు, రెండు సార్లు కొడితే శబ్దం. నా చెప్పు పట్టుకుపోయిన కుక్కకి గుండె జబ్బు నిజమే. తను వచ్చేదాకా దేనికీ మత్తు ఇవ్వొద్దని వెళ్తూ చెప్పిందట. ఆయన తల ఊపారు కదా, నేను చూశాను.

నేనూ ఆవిడకి చెప్పాను, ఉత్తరం మా పిన్నిదని, తేదీలు నావని. "నేనూ తప్పే చేశాను లే" అంది ఆఖరికి. తలుపు దాకా వచ్చింది, లోపలికి మళ్ళీ రమ్మనలేదు.

ఇంకొకటి. నిన్న పొద్దున డాక్టర్ గారు నా శిక్షణ పుస్తకం అడిగి తీసుకుని, అన్ని పేజీల మీదా సంతకాలు పెట్టి ఇచ్చారు. ఇంకా దాదాపు నాలుగు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాటి మీద కూడా. ఇది జాలా, నోరు మూసుకోమనడమా? పెద్దాయన వచ్చే శుక్రవారం వస్తాడు, కేసు షీటు నకలు కావాలన్నాడు.

పుస్తకం దిండు కింద ఉంది. ఏం చెయ్యమంటావు?

చిన్ని


ఆగస్టు 18

చిన్నికి,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. గుండె ఎవరు వింటున్నారని నేను అడిగిన రోజుకే పిల్లి పోయింది. నా అనుమానం ఎప్పుడూ ఇంతే, తప్పు చోట ముందు, సరైన చోట ఆలస్యంగా.

సూటిగా రాస్తున్నాను. ఆ పుస్తకం తీసుకుని వచ్చెయ్. అవి సంతకాలు, ఎందుకు పెట్టాడన్నది ఆయన పాపం. నువ్వు ఆయన చెప్పిందే రాశావు, నీ నియమం అదే, నిన్ను ఎవరూ తప్పు పట్టలేరు. షీటు అలాగే ఇచ్చెయ్. నీకు ఇప్పటికే ఒక ఉద్యోగం పోయింది, ఇదీ పోతే ఇంకెవరు చేర్చుకుంటారు? నేను ఎన్నాళ్ళుంటాను?

ఇంకొకరు తమ పిల్లకి ఇలా రాశారని తెలిస్తే వాళ్ళని దొంగలనే దాన్ని. నేను ఆ ఉత్తరం రాయకపోతే ఆవిడ సెలవు పెట్టేది కాదు, పిల్లి బతికేది. ఇది నాకు తెలుసు, నువ్వు చెప్పనక్కర్లేదు. అందుకే అంటున్నాను, పాపం నా దగ్గర ఉండనీ, నువ్వు బయటపడు.

పిన్ని


ఆగస్టు 24

పిన్నికి,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. రెండు సార్లు చదివాను. నువ్వు చెప్పింది చెయ్యలేదు.

పెద్దాయన చెప్పిన వేళకే వచ్చాడు, బుట్ట లేకుండా. పెద్దక్క కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. నేను షీటు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వేలితో వరస వరసా చదివాడు. గుండె మామూలు అన్న చోట ఆగాడు. డాక్టర్ గారి మొహం చూసి అడిగాడు.

"మీరు దాని గుండె విన్నారా అయ్యా?"

డాక్టర్ గారు షీటు వైపు చూశారు. మాట అందలేదేమో అనుకున్నాను. అందింది, మెడ మీద చెమట పట్టింది. నేను కొత్త షీటు తీసి ఆ రోజు తేదీ వేసి, ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నా పెదవులు కనపడేలా, తొందరపడకుండా అడిగాను. "తేడా ఉంది డాక్టర్ గారూ. ఏం రాయమంటారు?"

ఆయన కుర్చీలో కూర్చున్నారు. పెద్దక్క వైపు చూశారు. ఆవిడ చేతులు కట్టుకునే ఉంది. తర్వాత రోజూ చెప్పే గొంతుతోనే చెప్పారు. "రాయి. స్టెతస్కోప్ పెట్టాను. ఏమీ వినపడలేదు. నాలుగేళ్ళుగా నాకు వినపడదు. మామూలు అని చెప్పాను." నేను రాశాను. ఆయన సంతకం పెట్టారు. ఇక ఆస్పత్రి ఎన్నాళ్ళు తెరుస్తారో తెలియదు. చెవులు పరీక్ష చేయించుకోమని పెద్దక్క ఎప్పటినుంచో పోరుతోందట, నిన్న వెళ్ళారు.

నా పుస్తకంలో పని చెయ్యని నాలుగు నెలల పేజీలకీ అడ్డంగా గీతలు కొట్టి శిక్షణ ఆఫీసుకి తీసుకెళ్ళాను. ముందే సంతకాలు పెట్టిన పుస్తకం కాబట్టి మిగతావి కూడా చెల్లవన్నారు వాళ్ళు. ఇంకో ఆస్పత్రి వెతుక్కుని మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. ఏడుపొచ్చింది, బస్సులో ఏడ్చాను. చేర్చుకునేవాళ్ళు దొరుకుతారో లేదో నాకూ తెలియదు.

కానీ అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఇన్నాళ్ళూ ఈవిడ పక్కనే ఉండేది కదా, ఆ రోజు ఎందుకు లేదు అని అడిగాడు. డాక్టర్ గారు నేల చూశారు. పెద్దక్క నోరు విప్పలేదు, నన్ను కాపాడటానికేనని తెలుస్తూనే ఉంది. నేనే చెప్పాను. దొంగతనం చేస్తోందని ఫిర్యాదు వెళ్ళిందని, సంచి బోర్లించారని, అందుకే సెలవు పెట్టిందని. తేదీలు ఇచ్చింది నేనేనని. దొరసాని చిగుళ్ళు నీలంగా ఉండటం చూసి కూడా అడగలేదని.

ఫిర్యాదు నువ్వే రాశావా అని ఆయన అడిగాడు. నేను కాదనలేదు.

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు పిన్నీ. తిట్టినా బాగుండేది. దొరసానికి పదకొండేళ్ళని చెప్పి వెళ్ళిపోయాడు.

వచ్చే ఆదివారం నేనూ పెద్దక్కా ఆయన ఇంటికి వెళ్తున్నాం. నువ్వు వస్తే ముగ్గురం వెళ్తాం. రాకపోతే ఆ ఉత్తరం నాదేనని ఆయన అనుకుంటూ ఉంటాడు, నేనూ అలాగే ఉండనిస్తాను. మన ఊరి నుంచి మొదటి బస్సు ఆరింటికి ఉంది, ఎక్కడా మారక్కర్లేదు.

చిన్ని